దుమ్ము పెట్టె చుట్టూ పచ్చగడ్డి

కాలనీలో అందరూ ఆయన్ని వాన బాబాయి అంటారు. అలాగని వానతో ఆయనకు చుట్టరికమేమీ లేదు. గని వెనక ఉన్న తెల్లదిబ్బ మీద ట్యాంకరుతో నీళ్ళు చల్లడం ఆయన ఉద్యోగం. ట్యాంకరు వెనక అడ్డంగా చిల్లుల గొట్టం ఒకటి ఉంటుంది. పంపు ఆన్ చేసి బండిని మనిషి నడకంత వేగంతో పోనిస్తే ఆ గొట్టంలోంచి నీళ్ళు జల్లులా పడతాయి. అది చూసి ఎవరో సరదాకి పెట్టిన పేరు ఇరవై రెండేళ్ళలో ఎంత అతుక్కుపోయిందంటే, అసలు పేరుతో పిలిస్తే ఆయన వెనక్కి తిరిగి కూడా చూడడు.

తెల్లదిబ్బంటే ఏ ఇసకదిబ్బో అనుకునేరు. రాయిని తవ్వి, పిండి చేసి, అందులో గనివాళ్ళకు కావలసింది లాగేసుకున్నాక మిగిలిందంతా తెచ్చి పోస్తే తయారైన కొండ అది. అయిదంతస్తుల ఎత్తు. తడిగా ఉన్నన్నాళ్ళూ బుద్ధిగానే పడి ఉంటుంది. ఎండిందా, మొహానికి రాసుకునే పౌడరు కన్నా మెత్తన. గాలికాలంలో మధ్యాహ్నం రెండింటికి గడియారం చూసుకున్నట్టు గాలి లేస్తుంది, దానితోపాటు దిబ్బ లేస్తుంది, సాయంత్రానికి కింద కాలనీలో దిగుతుంది. కిటికీలు మూసినా దిగుతుంది. మంచినీళ్ళ బిందె మీద మూత తీస్తే తెల్లటి తెట్టు కనిపిస్తుంది.

ఆ కాలనీలో మొదటి వరసలో మొదటి ఇల్లు వాన బాబాయి వాళ్ళక్కది. వట్టి అక్క కాదు. ఆయనకు ఆరేళ్ళప్పుడు తల్లి పోతే, అప్పటికి పదిహేనేళ్ళున్న ఆ పిల్లే తమ్ముణ్ణి పెంచింది. ఊళ్ళోవాళ్ళ బట్టలు ఇస్త్రీ చేసి బడికి పంపింది. చదువు ఒంటబట్టకపోయేసరికి నాలుగు చీవాట్లు పెట్టి, డ్రైవింగు నేర్పించి లైసెన్సు ఇప్పించింది. ఇప్పుడామెకు డెబ్బై దగ్గరపడుతున్నా ముందు గదిలో ఇస్త్రీ బల్ల అలాగే ఉంది. ఆమె మడత పెట్టిన చొక్కా రెండో రోజుక్కూడా నలగదని పేరు. నోరు కూడా అంత పదునే. గని ఇంజనీరు చొక్కాలు సైతం ఆ బల్ల మీదికే రావాలి.

ఆ ఇంజనీరు దిబ్బ పనులన్నీ చూస్తాడు. ఏ మీటింగునైనా "అంతా ఓకేనా? ఓకే" అని ముగిస్తాడు కనక ఆయన ఓకే సారయ్యాడు. ఎనిమిదేళ్ళ కిందట దుమ్ము ఆఫీసువాళ్ళు వచ్చి దిబ్బ అడుగున, కాలనీ వైపు అంచులో, మనిషెత్తు స్తంభం పాతి దానికొక పెట్టె బిగించారు. గాలిలో దుమ్ము ఎంతుందో అది పీల్చి చూసి అంకె చెబుతుంది. గీత దాటకపోతే పచ్చ దీపం, దాటితే ఎర్ర దీపం. దుమ్ము ఆఫీసుకు అసలు పేరు వేరే ఉంది, బోర్డు మీద రెండు వరసలు పడుతుంది, దాన్ని పూర్తిగా చదివినవాడు నాకైతే తగల్లేదు.

పెట్టె పెట్టిన వారానికే ఎర్ర దీపం వెలిగింది. ఓకే సారు వాన బాబాయి భుజం మీద చెయ్యి వేసి, పెట్టె దగ్గర కాస్త చల్లగా ఉంచుతూ ఉండమన్నాడు. అంతకు మించి ఒక్క ముక్క అనలేదు. పెద్ద ఉద్యోగాలవాళ్ళు ఇలాంటి మాటలు సగమే చెబుతారు, మిగతా సగం చేసేవాడి నెత్తిన పడుతుంది. వాన బాబాయి అడ్డంగా ఆలోచించే మనిషి కాదు. ఇంటికొచ్చిన చుట్టాన్ని చూసుకున్నట్టు పెట్టెని చూసుకోవడం మొదలుపెట్టాడు. రోజుకు ఏడు ట్యాంకర్లకు మించి నీళ్ళు రావు. ఆ ఏడింట్లో మూడు పెట్టెకే. గాలి లేవడానికి అరగంట ముందు దాని చుట్టూ నేలంతా తడిపి, గాలి లేచాక అక్కడే గిరికీలు కొడుతూ జల్లు పడుతూ ఉండేలా చూసేవాడు. దిబ్బ పైన మాత్రం అరకొరగా తడిసిన చోటు తడిసేది, ఎండిన చోటు ఎండేది. పైనుంచి లేచిన దుమ్ము పెట్టె నెత్తి మీదుగా ఎగిరి తిన్నగా కాలనీకి పోయేది. పెట్టెలో పచ్చ దీపం నిమ్మకు నీరెత్తినట్టు వెలుగుతూ ఉండేది.

మూడో ఏడు ఆయనకు సర్టిఫికెట్ ఇచ్చారు. ఉత్తమ దుమ్ము నివారణ సేవకు అని బంగారు రంగు అక్షరాలు. వాళ్ళావిడ దానికి అద్దం ఫ్రేము కట్టించి హాల్లో తగిలించింది. ఆ రోజు నుంచి పొద్దున లేవగానే దాని మీద దుమ్ము తుడవడం ఆవిడకు ఒక పనైంది. దుమ్ము లేకుండా చేసినందుకు ఇచ్చిన కాగితం మీద ఇంత దుమ్మేమిటండీ అని ఒకసారి అడిగింది కూడా. ఆయన పేపరు ఇంకో పేజీ తిప్పాడు.

ఇంకో విచిత్రం. ఎనిమిదేళ్ళు నీళ్ళు పడితే ఏ నేల ఊరుకుంటుంది? పెట్టె చుట్టూ గడ్డి మొలిచింది. కనుచూపు మేర సున్నం వేసినట్టుండే ఆ దిబ్బ పక్కన నాలుగు మంచాలు పట్టేంత మేర పచ్చగా, మోకాలెత్తు గడ్డి. ఓకే సారు దానికి ఫోటో తీయించి, పచ్చదనం పెంపకంలో తొలి విజయం అని రాసి ఆఫీసు గోడకెక్కించాడు. చూడవచ్చినవాళ్ళంతా ఆ ఫోటో ముందు నిలబడి తలలూపి వెళ్ళేవారు. గడ్డి పెట్టె దగ్గరే ఎందుకు మొలిచిందని ఒక్క మహానుభావుడూ అడగలేదు.

ఇక అక్క సంగతి. పెట్టె వచ్చిన ఏడాదే ఆమె కూడా కొలవడం మొదలుపెట్టింది. ఎవరో కొలుస్తున్నారని చేతులు ముడుచుకు కూర్చునే రకం కాదామె. గాలికాలంలో రోజూ సాయంత్రం ఇస్త్రీ బల్ల మీద చేరిన దుమ్మును పొడి గుడ్డతో ఒక మూలకి తెచ్చి, కాగితం మీదికి ఎత్తి, బిస్కెట్ డబ్బాలో పోసేది. ఏడాదికొక డబ్బా. ఆ బల్ల మీది దుమ్ము తప్ప వేరే గదిది ఒక్క చిటికెడు కూడా కలపనిచ్చేది కాదు. అలా ఎనిమిది డబ్బాలు గూట్లో వరసగా చేరాయి. వాటితోపాటు దగ్గు కూడా చేరింది. మొదట గాలికాలంలోనే వచ్చే దగ్గు, తర్వాత గాలి లేని రోజుల్లోనూ వదిలిపెట్టలేదు. ఊపిరితిత్తుల్లోకి మెత్తటి పొడి దిగిందనీ, ఆ దుమ్ములో ఇంకో రెండు మూడేళ్ళు ఉంటే తన చేతిలో ఏమీ ఉండదనీ డాక్టరు తేల్చి చెప్పాడు. ఇల్లొదిలి వెళ్ళడానికి ఆమె ఒప్పుకోలేదు. నేనెందుకు వెళ్ళాలి, వెళ్తే ఆ దిబ్బ వెళ్ళాలి అంది. నలభై ఇళ్ళవాళ్ళ చేత సంతకాలు పెట్టించి, దిబ్బ మీద రాళ్ళూ మట్టీ పరిచి మూసెయ్యమని దుమ్ము ఆఫీసుకు అర్జీ పంపింది.

మీటింగు కాలనీ హాల్లో జరిగింది. దుమ్ము ఆఫీసరు వచ్చాడు, పక్కన ఓకే సారు కూర్చున్నాడు. వాన బాబాయి గోడ వారగా నిలబడ్డాడు. అక్క ఎనిమిది డబ్బాలూ సంచిలో మోసుకొచ్చి బల్ల మీద పేర్చింది. ఆఫీసరు ఒక డబ్బా మూత తీసి చూసి, మర్యాదగానే మూసి, తన దగ్గరున్న కాగితాల కట్ట తిప్పాడు. ఆ మొదటి వారం తప్పిస్తే ఎనిమిదేళ్ళలో అంకె ఒక్కసారి కూడా గీత దాటలేదు.

"ఇంట్లో దుమ్ముకి వంద కారణాలుంటాయమ్మా. పెట్టెలో అంకెకి ఒక్కటే కారణం ఉంటుంది" అన్నాడాయన.

అక్క ఆయనతో వాదించలేదు. వెనక్కి తిరిగి తమ్ముడి వంక చూసింది.

"నువ్వు రోజూ పైనే ఉంటావు కదరా. నువ్వు చెప్పు."

హాలంతా ఆయన వైపు తిరిగింది. ఓకే సారు మాత్రం పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చున్నాడు. వాన బాబాయికి నిజం చెబితే ఏమవుతుందో ఆలోచించేంత తెలివి ఆ క్షణంలో రాలేదు, అలవాటైన మాటే నోట్లోకి వచ్చింది.

"పెట్టె అబద్ధం చెప్పదక్కా."

ఆమె డబ్బాలు ఒక్కొక్కటే సంచిలో సర్దుకుంది. పోట్లాడితే బాగుండేది. పోట్లాడలేదు, తమ్ముడి మాట కనక నమ్మింది. ఆఫీసరు చివరికొక మాట చెప్పి లేచాడు. రాబోయే గాలికాలంలో నలభై రోజుల అంకెలు ప్రత్యేకంగా చూస్తారు. అందులో అయిదు రోజులు ఎర్ర దీపం వెలిగితే దిబ్బను మూసి తీరాలి. వెలగకపోతే అర్జీ చెత్తబుట్టలోకి పోతుంది, మళ్ళీ పదేళ్ళ దాకా ఎవరూ దాన్ని కదపరు.

మర్నాడు వాన బాబాయి తన యూనిఫాం చొక్కా కోసం అక్కింటికి వెళ్ళాడు. ఆమె ఇస్త్రీపెట్టె నిలబెట్టేసి, రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుని దగ్గుతోంది. దగ్గు ఆగాక మొహం తుడుచుకుని, మీటింగులో మాటకి కాలనీవాళ్ళు ఏదో అన్నారని తమ్ముడు బాధపడుతున్నాడనుకుని తనే ఊరడించింది.

"వాళ్ళననీరా. నువ్వు నీళ్ళు కొట్టబట్టే ఈ మాత్రమైనా ఊపిరాడుతోంది. లేకపోతే నేనెప్పుడో పోయేదాన్ని. అందరికీ అదే చెబుతాను."

ఆయన గూటి వైపు చూశాడు. ఎనిమిది డబ్బాల్లో మూడోది మాత్రం మూత పట్టక పైకి లేచి ఉంది. వేలు మడిచి లెక్క చూసుకున్నాడు. తనకు సర్టిఫికెట్ ఇచ్చిన ఏడు. పెంచిన చేతులకు తను ఇన్నేళ్ళూ ఏం చేస్తున్నాడో ఆ మూత లేచిన డబ్బా చూసేదాకా బుర్రకెక్కలేదు. సిగ్గుతో చచ్చిపోయాడనే చెప్పాలి. చొక్కా తీసుకోవడం మర్చిపోయి ఇంటికొచ్చేశాడు.

ట్యాంకరు క్యాబిన్‌లో డ్యూటీ కాగితం ఒకటి అతికించి ఉంటుంది. దాని కింద రోజూ సంతకం పెట్టాలి. ఇరవై రెండేళ్ళుగా పెడుతూనే ఉన్నాడు, చదవడం మాత్రం ఆ రోజే మొదలు. దిబ్బ పైభాగం, గాలి తగిలే ఏటవాలు, తర్వాత లారీల దారి. ఆ వరసలో తడపాలి. అంతే ఉంది. పెట్టె అన్న మాట ఎక్కడా లేదు. రెండుసార్లు చదివాడు, కాగితం వెనక్కి తిప్పి కూడా చూశాడు.

గాలికాలం మొదలైన రోజు నుంచి ఏడు ట్యాంకర్లూ దిబ్బ పైకే ఎక్కాయి. ఉన్న నీళ్ళు పైభాగానికీ ఏటవాలుకూ సరిపోతే, లారీల దారి దాకా చుక్క మిగిలేది కాదు. ఆ దారి పెట్టెకు ఆనుకునే పోతుంది. ఇన్నాళ్ళూ పెట్టె పుణ్యమా అని తడిసిన ఆ నేల మూడు రోజుల్లో ఎండి బీటలు వారింది. లారీ పోయినప్పుడల్లా లేచిన దుమ్ము తిన్నగా పెట్టె మొహాన కొట్టింది. నాలుగో రోజున ఎర్ర దీపం వెలిగింది. అయిదో రోజూ వెలిగింది.

ఓకే సారు చెమటలు కక్కుతూ దిబ్బ దగ్గరికి వచ్చాడు. పెట్టె సంగతి మర్చిపోయావా బాబాయ్ అని మెత్తగానే అడిగాడు. మర్చిపోలేదనీ, కాగితంలో ఉన్నట్టే చేస్తున్నాననీ ఈయన చెప్పాడు.

"కాగితం గొడవ వదిలెయ్. ఇన్నాళ్ళూ ఎలా చేశావో అలా చెయ్యి."

"అలాగే సార్. ఆ ముక్కే కాగితం మీద రాసివ్వండి, ఇప్పుడే వెళ్ళి కొడతాను."

ఓకే సారు జేబులోంచి పెన్ను తీశాడు. మూత తీశాడు. కాసేపు గాలిలో పట్టుకుని, మళ్ళీ మూత పెట్టేసి జేబులో పెట్టుకున్నాడు. ఇంకో డ్రైవరుని పెడదామంటే ఆ మెత్తటి ఏటవాలు మీద నిండు ట్యాంకరుని బోల్తా కొట్టకుండా దింపగలవాడు ఈయనొక్కడే. రెండో ట్యాంకరు మూడేళ్ళుగా ఇటుకల మీద కూర్చుని ఉంది. చేసేదేమీ లేక మర్నాడు ఓకే సారే బకెట్టు పట్టుకుని పెట్టె చుట్టూ నీళ్ళు చల్లబోయాడు. అయిదు బకెట్లకే ఆయాసం వచ్చింది. నేల ఆ నీళ్ళని ఇట్టే తాగేసింది, పక్కనుంచి పోయిన లారీ ఆయనకు నెత్తి నుంచి కాళ్ళ దాకా తెల్లరంగు వేసి పోయింది. పెట్టె ఆ రోజు కూడా ఎర్రగానే వెలిగింది.

ఇటు కాలనీలో దుమ్ము తగ్గింది. చాలా ఏళ్ళ తర్వాత మొదటిసారి దిబ్బ పైభాగం నిజంగా తడుస్తోంది కనక తగ్గక చస్తుందా? బిందె మీద తెట్టు పలచబడింది. గాలికాలం సగమయ్యేసరికి అక్క తొమ్మిదో డబ్బాలో అడుగు కూడా నిండలేదు. చూసి సంతోషించాలో ఏడవాలో ఆమెకు తెలియలేదు. అర్జీ గెలవాలంటే దుమ్ము ఉండాలి, ఈ ఏడే అది లేకుండా పోయింది. అయినా ఆమె నిజం దాచుకునే మనిషి కాదు. డబ్బా పట్టుకుని, బస్సెక్కి, దుమ్ము ఆఫీసుకు వెళ్ళి, ఈ ఏడు మా తమ్ముడు బాగా నీళ్ళు కొడుతున్నాడు, దుమ్ము తగ్గింది, ఆ మాట కూడా రాసుకోండని చెప్పింది.

ఆఫీసరు నవ్వాడు. ఎనిమిదేళ్ళలో లేనంత దుమ్ము ఈ ఏడు లేస్తోందనీ, ఇప్పటికే పన్నెండు రోజులు ఎర్ర దీపమనీ, దిబ్బ మూసెయ్యమని ఉత్తర్వు తయారవుతోందనీ చెప్పాడు. డబ్బా చూపించబోతే ఈసారి మూత కూడా తియ్యలేదు. మీకు తెలియదులెండి, పెట్టెకి తెలుసు అన్నాడు. ఆమె అర్జీ అలా ఆమె మాట వినకుండానే నెగ్గింది.

ఆమె ఇంటికి రాగానే తమ్ముడి కోసం కబురు పెట్టింది. ఆయన వచ్చేసరికి ఓకే సారు చొక్కా ఒకటి బల్ల మీద పరిచి ఇస్త్రీ చేస్తోంది.

"దుమ్ము ఎక్కువుందని పెట్టె అంటోంది. తక్కువుందని నా డబ్బా అంటోంది. పెట్టె అబద్ధం చెప్పదన్నావు. మరి నా డబ్బా చెబుతోందా?"

ఆయన నిలబడే అంతా చెప్పేశాడు. భుజం మీద వేసిన చెయ్యి, ఏడింట్లో మూడు ట్యాంకర్లు, గడ్డి, మూడో డబ్బా, కాగితం. ఒక్క ముక్క దాచలేదు. ఆమె వింటూ చెయ్యి ఆపేసింది. కాసేపటికి కాలిన వాసన వచ్చింది. యాభై ఏళ్ళ పనిలో ఒక్క బట్టా కాల్చని మనిషి, ఓకే సారు చొక్కా వీపు మీద ఇస్త్రీపెట్టె అచ్చు గుద్దినట్టు మాడ్చేసింది.

"ఎనిమిదేళ్ళు" అంది. ఇస్త్రీపెట్టె ప్లగ్గు పీకి లోపలి గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

దిబ్బ మూశారు. కింద రాళ్ళు, పైన మట్టి, ఆ పైన గడ్డి విత్తనాలు. గడ్డి మొలుస్తుందన్న ధైర్యం ఆ గోడ మీది ఫోటో చూశాకే వచ్చిందని ఓకే సారు ప్రారంభోత్సవంలో చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాడు. వాన బాబాయికి మాత్రం మెమో వచ్చింది. విధి నిర్వహణలో నిర్లక్ష్యం వల్ల దుమ్ము పెరిగిందట. పెట్టె వచ్చాక ఆయన సక్రమంగా పనిచేసిన గాలికాలం ఆ ఒక్కటే. దీనికీ ఫ్రేము కట్టించనా అని వాళ్ళావిడ అడిగింది. దిబ్బ మూశాక ట్యాంకరుతో పనేముంది? ఇంకో రెండేళ్ళ సర్వీసు ఉండగానే ఇంటికి పంపేశారు.

రెండు నెలలు అక్క మాట్లాడలేదు. ఆయన రోజూ ఆ వీధి చివరిదాకా వెళ్ళి, గుమ్మం ఎక్కే మొహం లేక వెనక్కి వచ్చేవాడు. కాలనీలో దుమ్ము లేదు. పిల్లలు అద్దాల మీద వేలితో రాసే ఆట మర్చిపోయారు. కానీ ఆమె లోపలికి దిగిన దుమ్ము మీద ఎవరు నీళ్ళు చల్లగలరు? దగ్గు నెమ్మదించింది, పోయిన ఊపిరి తిరిగి రాలేదు. నిలబడి పది చొక్కాలు చేస్తే ఆయాసం. చివరికి ఒక రోజు పొరుగింటావిడతో తమ్ముణ్ణి రమ్మని చెప్పించింది.

వెళ్ళేసరికి ఆమె స్టూలు మీద కూర్చుని ఉంది. గూట్లో తొమ్మిది డబ్బాలూ ఉన్నచోటే ఉన్నాయి. బల్ల మీద చొక్కాల గుట్ట, పక్కన గిన్నెలో నీళ్ళు. బాగున్నావా అని ఆమె అడగలేదు, ఎలా ఉందని ఈయనా అడగలేదు. గిన్నె ఆయన వైపు జరిపింది. ఆయన చొక్కా పరిచి, వేళ్ళు ముంచి, కాలరు మీదా ఛాతీ మీదా నీళ్ళు చిలకరించి ఆమె ముందుకు తోశాడు.

ఆమె ఆ చొక్కాని చేత్తో తడిమి చూసి తిరిగి ఆయన ముందుకే తోసింది.

"కనబడే చోటే కాదురా. అంచుల దాకా చల్లు."

ఆయన తల ఎత్తలేదు. చొక్కా తిప్పి, వీపు మీదా చేతుల కిందా అంచుల దాకా నీళ్ళు చల్లి ఇచ్చాడు. ఆమె ఈసారి తడిమి చూడకుండానే ఇస్త్రీపెట్టె అందుకుంది.